దుంగే ఛాసిస్: పాత కలప లారీలు, వాటి ట్రెయిలర్ల లెక్క

పాత కలప లారీల ఫొటోలు చూడటం మొదలుపెట్టినవాళ్లకి కొన్ని సందేహాలు వెంటనే వస్తాయి. ఒక ఫొటోలో ట్రెయిలర్ లారీ వెనకాల, దుంగల కింద ఉంటుంది. ఇంకో ఫొటోలో అదే ట్రెయిలర్ లారీ వీపు మీదకెక్కి కూర్చుంటుంది, దాని గొట్టం క్యాబిన్ మీదుగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. దుంగలు దించేశాక లారీకీ ట్రెయిలర్‌కీ మధ్య ఆ ఒక్క ఇనప గొట్టం తప్ప ఇంకేమీ కనిపించదు. క్యాబిన్ వెనక పెద్ద నీళ్ల ట్యాంకు. ఇంజను చల్లబడటానికి రేడియేటర్ ఉండగా మళ్లీ అన్ని నీళ్లెందుకు? కొన్ని లారీలైతే దారి మొత్తం తమదే అన్నంత వెడల్పు.

ఇవి దేనికది విడి వింతల్లా కనిపిస్తాయి గానీ, అన్నీ రెండు విషయాల దగ్గరే మొదలవుతాయి. మొదటిది, ఇక్కడ సరుకే ఒక గట్టి దూలం. రెండోది, ఈ లారీ ఖాళీగా కొండెక్కి బరువుతో దిగుతుంది. మామూలు సరుకు లారీ గురించి మనకి తెలిసినదాన్ని ఈ రెండూ తలకిందులు చేస్తాయి.

వీటి పుట్టిల్లు ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం: వాషింగ్టన్, ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియా, పైన కెనడాలోని బ్రిటిష్ కొలంబియా. డగ్లస్ ఫర్, వెస్టర్న్ రెడ్ సెడార్, సిట్కా స్ప్రూస్ పెరిగే అడవులు. అక్కడి ముసలి చెట్ల నుంచి 2 మీటర్ల వ్యాసం, 10 మీటర్ల పొడవున్న దుంగ తీశారనుకోండి, 31 ఘనపు మీటర్లకి పైగా కలప. పచ్చి కలప ఘనపు మీటరుకి 700 కిలోలు తూగినా ఆ ఒక్క దుంగే దాదాపు 22 టన్నులు. ఒకే దుంగతో లారీ నిండిపోయిన పాత ఫొటోలు అబద్ధాలు కావు.

ఈ బరువుల్ని మొదట ఎద్దులు లాగాయి. తర్వాత జాన్ డోల్‌బీర్ 1882లో పేటెంటు తీసుకున్న ఆవిరి వించి (తాడు చుట్టుకుంటూ బరువు లాగే యంత్రం), అదే స్టీమ్ డాంకీ, వచ్చింది. దానికి తోడు అడవిలోకి రైలు పట్టాలు పడ్డాయి. ఎఫ్రాయిమ్ షే 1881లో పేటెంటు పొందిన గేర్ల ఇంజను, మామూలు రైలింజను ఎక్కలేని వాలునీ వంకర పట్టాల్నీ తట్టుకుంది. ఆ అడవి రైళ్లలో చాలాచోట్ల వ్యాగన్లు ఉండేవి కావు. నాలుగేసి చక్రాల బోగీలు (పైన పెట్టె లేని ఉత్త చక్రాల చట్రాలు) రెండు, విడివిడిగా, వాటి మీద దుంగలు. ముందు బోగీని వెనక బోగీకి కలిపేది ఆ దుంగలే. తర్వాత వచ్చిన లారీ ట్రెయిలర్‌కి అసలు పూర్వీకుడు ఇదే. లారీ చరిత్రలు రాసేవాళ్లు చాలామంది దీన్ని చెప్పకుండా దాటేయడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

రైలుకి ఉన్న ఇబ్బంది డబ్బు. పట్టాలు వేయాలంటే ముందే పెద్ద పెట్టుబడి కావాలి, అది తిరిగి రావాలంటే ఒకేచోట బోలెడంత అడవి ఉండాలి. లోయల్లోని సులువైన కలప అయిపోయి, నిటారు వాలుల మీద అక్కడక్కడా మిగిలినదాని కోసం పట్టాలు వేస్తే గిట్టుబాటు కాదు. లారీకి ఒక మట్టిదారి చాలు. రైలు ఊహించలేని వాలు కూడా అది ఎక్కుతుంది. సొంతంగా ఒకటో రెండో లారీలున్న చిన్న కాంట్రాక్టరు కూడా ఈ వ్యాపారంలోకి దిగగలిగాడు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి లారీలు మోటుగానే ఉన్నాయి: గట్టి రబ్బరు టైర్లు, వెనక చక్రాల్ని తిప్పడానికి గొలుసులు. 1916లో వచ్చిన మ్యాక్ ఏసీ, అదే ‘బుల్‌డాగ్’, ఆ తరానికి ప్రతినిధి. వర్షం తెరిపివ్వని ఆ తీరంలో గట్టి టైరు బురదలో కూరుకుపోయేది. అందుకని దారిలో దుంగల్నే పొడుగ్గా పరిచి, పైభాగం చదును చేసి, చక్రాల కింద పట్టాల్లా వాడారు. తడిసి జారితే ఇసుక చల్లేవారు. గాలి టైర్లు గట్టిపడ్డాక, బుల్‌డోజర్లు కొండని కోసి కంకర దారులు వేయడం మొదలయ్యాక గానీ లారీ నిజంగా రైలుకి పోటీ కాలేదు. అయినా రైలు వెంటనే పోలేదు. వాంకూవర్ ద్వీపంలోని ఇంగిల్‌వుడ్ కలప రైల్వే 2017 దాకా నడిచింది.

ఆ తీరంలోని లారీ కంపెనీల చరిత్రంతా కలప చుట్టూనే తిరుగుతుంది. సియాటిల్‌లో 1923లో కెన్‌వర్త్ పేరుతో మొదలైన కంపెనీ 1933లో డీజిల్ ఇంజనుతో లారీలు అమ్మడం మొదలుపెట్టింది. టకోమాలో కలప వ్యాపారి టి.ఎ. పీటర్‌మన్ తన దుంగలు మోయడానికి తగిన లారీలు కావాలని, దివాళా తీసిన ఫేజియోల్ కంపెనీ ఆస్తులు కొన్నాడు. 1939లో పీటర్‌బిల్ట్ లారీలు బయటికొచ్చాయి. ఈ రెండు కంపెనీల్నీ తర్వాత, 1945లో ఒకదాన్ని, 1958లో మరొకదాన్ని, కొనేసింది పసిఫిక్ కార్ అండ్ ఫౌండ్రీ. విలియం పిగట్ 1905లో పెట్టిన ఆ సంస్థ మొదట్లో తయారుచేసింది కలప మోసే రైలు బండ్లని. నేటి ప్యాకార్ అదే.

ఇక ట్రెయిలర్ దగ్గరికొద్దాం. అసలు చిక్కుముడి అక్కడే ఉంది.

పొడుగాటి దూలాన్ని ఇద్దరు మనుషులు భుజాల మీద మోసుకెళ్లడం చూసే ఉంటారు. ముందువాడికీ వెనకవాడికీ మధ్య దూలం తప్ప వేరే లంకె ఉండదు. దుంగల లారీ అచ్చం అంతే. లారీ వెనక ఇరుసుల పైన అడ్డంగా ఒక ఇనప దిమ్మ ఉంటుంది, దాన్ని బంక్ అంటారు. ట్రెయిలర్ మీద ఇంకో బంక్. రెండు చివర్లా నిలువు కమ్మీలు, అవి స్టేకులు. ఏ బంక్‌కి ఆ బంక్ తన నడిమధ్యనున్న నిలువు సీల మీద గుండ్రంగా తిరగగలదు. దుంగలు ఈ రెండింటి మీద పడుకుంటాయి, గొలుసులో వైరు తాళ్లో చుట్టి బిగిస్తారు. అంతే, ఇప్పుడు బండికి ఛాసిస్ వచ్చింది. ఆ ఛాసిస్ నిన్నటిదాకా చెట్టు.

మరి మధ్యలో ఉన్న గొట్టం ఏం చేస్తుంది? దాని పేరు రీచ్. మొదట్లో అదీ కలపదే, తర్వాత ఉక్కు గొట్టమైంది. ట్రెయిలర్‌ని లాగేది అదేనని చూసినవాళ్లు అనుకోవడం సహజం. నిజానికి బరువుతో ఉన్నప్పుడు చాలా ట్రెయిలర్లని లాగేవి దుంగలే. రీచ్ పని ట్రెయిలర్‌కి దారి చూపించడం. ఆ పని సరిగ్గా జరగాలంటే అది పొడవు మారుతూ ఉండాలి.

ఎందుకో లెక్క వేసి చూడొచ్చు. రెండు బంక్‌ల మధ్య దూరం 8 మీటర్లు అనుకోండి. దుంగలు బిగించి ఉన్నాయి కాబట్టి అది మారదు. లారీ బంక్ నుంచి వెనక్కి, ఇరుసులు దాటి 2 మీటర్లు పొడుచుకొచ్చిన ఉక్కు తోక ఒకటుంటుంది, దాని పేరు స్టింగర్. రీచ్ తగులుకునేది దాని కొసకి. లారీ తిన్నగా వెళ్తున్నప్పుడు స్టింగర్, రీచ్ ఒకే గీత మీద ఉంటాయి, కాబట్టి రీచ్ పొడవు 6 మీటర్లు. ఇప్పుడు మలుపులో లారీ దుంగలతో 30 డిగ్రీల కోణం చేసింది. స్టింగర్, రీచ్, దుంగ మూడూ కలిసి త్రిభుజమయ్యాయి. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడోదానికంటే ఎక్కువుండాలి కదా. దుంగ 8 మీటర్లే, స్టింగర్ 2 మీటర్లే. ఇక సాగాల్సింది రీచ్ ఒక్కటే. లెక్క కడితే అది 6.35 మీటర్లు కావాలి. 45 డిగ్రీల దగ్గర 6.74 మీటర్లు. అంటే ముప్పావు మీటరు దాకా అది ట్రెయిలర్ చట్రంలోంచి జారి బయటికి రావాలి, మలుపు అయిపోయాక మళ్లీ లోపలికి పోవాలి. ఈ జారే ఏర్పాటుని కాంపెన్సేటర్ అంటారు. రీచ్‌ని కదలకుండా బిగిస్తే మలుపులో అది వంగుతుంది, లేదా బంక్ మీద దుంగలు జారతాయి. ఈ రెండింటిలో ఏది జరిగినా డ్రైవరుకి మంచిది కాదు.

సరే, కొక్కేన్ని లారీ ఇరుసు పైనే పెట్టేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా, తోక ఎందుకు? మలుపుల కోసమే. లారీ ఎడమకి తిరిగినప్పుడు వెనక ఇరుసుల కంటే వెనకున్న కొస కుడికి, అంటే మలుపు బయటివైపుకి, ఊగుతుంది. రీచ్ ఆ కొస వైపు చూస్తుంది కాబట్టి ట్రెయిలర్ చక్రాలు కూడా కాస్త బయటికి నడుస్తాయి. ఇది లేకపోతే పొడుగాటి బండి వెనక చక్రాలు లోపలివైపుకి కోసుకుపోతాయి. కొండ అంచున ఒంటరి దారిలో లోపలివైపు లోయ ఉంటే ఇక చెప్పేదేముంది. స్టింగర్ ఉంటే ట్రెయిలర్ చక్రాలు లారీ వేసిన గాడి దగ్గరదగ్గరగానే వస్తాయి. కంప్యూటరూ హైడ్రాలిక్సూ లేకుండా, జ్యామితితో తనంతట తనే స్టీరింగు తిప్పుకునే ట్రెయిలర్ ఇది. ఆ కాలపు యంత్రాల్లో ఇంత తెలివైనవి ఎక్కువ లేవని నా అభిప్రాయం. చూడటానికి మాత్రం చక్రాలు తగిలించిన గొట్టంలా ఉంటుంది.

ఇప్పుడు ట్రెయిలర్ లారీ ఎందుకెక్కుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. దుంగలు దించగానే దాని ఛాసిస్ పోయింది. ఖాళీ ట్రెయిలర్‌ని గుంతల్లో ఎగరేసుకుంటూ కొండపైకి ఈడ్చుకెళ్లే బదులు, దించే చోట ఉన్న యంత్రంతోనే ఎత్తి లారీ మీద పెడతారు. టైర్లు అరగవు. ఖాళీ లారీ వెనక చక్రాల మీద నాలుగు టన్నులో ఐదు టన్నులో పడితే ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు దొరుకుతుంది. బండి పొడవు సగమవుతుంది కాబట్టి చెట్లు కొట్టే చోట ఇరుకులో తిప్పుకోవచ్చు. పైకెళ్లాక లోడింగ్ యంత్రం దాన్ని దించి వెనక నిలబెడుతుంది, డ్రైవరు రీచ్‌ని కొక్కేనికి తగిలించి ఆ రోజు దుంగల పొడవుకి తగ్గట్టు సర్దుకుంటాడు. పొడవాటి దుంగలకి బంక్‌లు దూరం, పొట్టివాటికి దగ్గర. రోజుకో వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న బండిని ఇంకెక్కడ చూస్తాం?

రెండో విషయానికి వస్తే, అది బ్రేకులది.

పాత లారీల అభిమానులు హార్స్‌పవర్ గురించే ఎక్కువ మాట్లాడతారు. కమ్మిన్స్ ఆరు సిలిండర్లా, డెట్రాయిట్ టూ స్ట్రోకా, రెండు గేరు రాడ్లతో ఐదింటికి నాలుగు, మొత్తం ఇరవై గేర్లా అని. ఆ ఇంజన్ల శబ్దం నాకూ ఇష్టమే. కానీ కలప లారీ విషయంలో ఇంజను రెండో వరస. ఎక్కేటప్పుడు బండి ఖాళీ. అసలు పరీక్ష దిగేటప్పుడు.

మొత్తం బరువు 100 టన్నులున్న లారీ 10 శాతం వాలులో గంటకి 30 కిలోమీటర్ల వేగంతో దిగుతోందనుకుందాం. వేగం పెరగకుండా నిలపాలంటే ప్రతి క్షణం 800 కిలోవాట్లకి పైగా శక్తిని ఎక్కడో ఒకచోట పారేయాలి. హార్స్‌పవర్‌లో చెప్పాలంటే ఇంచుమించు 1,100. ఆ లారీ ఇంజనే 400 నుంచి 500 హార్స్‌పవర్‌లో ఉండేది. నిట్టనిలువుగా 300 మీటర్లు దిగేసరికి పుట్టే వేడి దాదాపు 294 మెగాజౌళ్లు. దొర్లే రాపిడి కొంత తింటుంది, ఇంజను కొంత తింటుంది. మిగిలిందంతా బ్రేకు డ్రమ్ముల్లోకే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి బ్రేకు చెక్కల నుంచి దూరం జరుగుతుంది, చెక్కల పట్టూ తగ్గుతుంది. డ్రైవరు పెడల్ నొక్కుతూనే ఉంటాడు, బండి ఆగదు.

క్యాబిన్ వెనకున్న నీళ్ల ట్యాంకు దీని కోసమే. అక్కడి నుంచి సన్నటి గొట్టాలు ప్రతి చక్రానికీ వెళ్తాయి, దిగుడు మొదలవగానే డ్రైవరు కవాటం తిప్పితే డ్రమ్ముల మీద నీళ్లు పడతాయి. పైన చెప్పిన 294 మెగాజౌళ్లూ నీటిలోకే పోయాయనుకుంటే, చన్నీళ్లు 110 లీటర్లకి పైగా ఆవిరవుతాయి. ట్యాంకు అంత పెద్దదిగా ఎందుకుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. పాత ఫొటోల్లో చక్రాల చుట్టూ కమ్ముకున్న తెల్లటి పొగ చాలాసార్లు ఈ ఆవిరే, కాలుతున్న బ్రేకులు కాదు. ఇందులో ఒక మెలకువ ఉంది. డ్రమ్ము ఎర్రగా కాలాక నీళ్లు వదిలితే పోత ఇనుము పగులుతుంది. కాబట్టి కొండ మొదట్లోనే, ఇంకా చల్లగా ఉండగానే, వదలడం మొదలుపెట్టాలి. ట్యాంకు అడుగంటకుండా చూసుకోవాలి. చలికాలంలో ఆ నీళ్లే గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతే అదో బాధ.

ఇంజనునే బ్రేకుగా మార్చే ఆలోచన, కమ్మిన్స్ ఇంజన్ల కంపెనీ పెట్టిన క్లెస్సీ కమ్మిన్స్‌ది. 1931లో ఆయన డీజిల్ లారీలో అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్తూ కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు చేతులెత్తేశాయి. ప్రాణాలతో బయటపడ్డాడు, ఆ భయం మాత్రం ఆయన్ని వదల్లేదు. ఏళ్ల తర్వాత దొరికిన ఉపాయం ఇది: డీజిల్ ఇంజనులో పిస్టన్ గాలిని నొక్కుతూ పైకి వెళ్తుంది. మామూలుగా ఆ నొక్కిన గాలి మళ్లీ పిస్టన్‌ని కిందికి తోసి, తీసుకున్న శక్తిని తిరిగిచ్చేస్తుంది. పిస్టన్ పైకి చేరిన క్షణంలో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచేస్తే గాలి బయటికి పోతుంది, శక్తి తిరిగి రాదు. ఇంజను కాస్తా బండి మీద పనిచేసే గాలి పంపు అవుతుంది. జేకబ్స్ కంపెనీ 1961 నుంచి దీన్ని అమ్మింది, జేక్ బ్రేక్ అని పేరు పడింది. లోయల్లో మర తుపాకీలా మోగే శబ్దం దానిదే. అయినా పెద్ద లారీలకి అదొక్కటే సరిపోలేదని పై లెక్క చూస్తే తెలుస్తుంది. నీళ్ల ట్యాంకులు అలాగే ఉండిపోయాయి.

ఇక వెడల్పు. ఇది ఇంజనీరింగ్ కంటే ఎక్కువగా చట్టం తేల్చిన విషయం. అమెరికా జాతీయ రహదారుల చట్టం 1956లో వెడల్పుని 96 అంగుళాలకీ, మొత్తం బరువుని 73,280 పౌండ్లకీ పరిమితం చేసింది. 1974లో బరువు 80,000 పౌండ్లయింది, అంటే 36 టన్నుల చిల్లర. ప్రభుత్వ రోడ్డెక్కే పాత కలప లారీకి అందుకే 8 అడుగుల బంక్ ఉండేది. కానీ బ్రిటిష్ కొలంబియా తీరంలో, ముఖ్యంగా వాంకూవర్ ద్వీపంలో, కలప కంపెనీలు కొండ నుంచి సముద్రం దాకా సొంత దారులు వేసుకున్నాయి. దుంగలు నీళ్లలోకి దించి, తెప్పలుగా కట్టి, టగ్గు పడవలతో మిల్లుకి లాక్కెళ్తారు. ప్రయాణంలో ప్రభుత్వ రోడ్డు ఎక్కడా తగలదు. అలాంటప్పుడు 8 అడుగులకి కట్టుబడటం ఎందుకు? 12 అడుగులు, ఇంకా పైన కూడా పెట్టారు. లోడుతో 100 టన్నులు దాటే యంత్రాలు అలా పుట్టాయి. దారినీ వంతెననీ వాటి కొలతకి కట్టుకున్నారు.

వాంకూవర్‌లో 1920లో మొదలైన హేస్, ఆ కంపెనీలోంచి బయటికొచ్చినవాళ్లు 1947లో పెట్టిన పసిఫిక్ ట్రక్ అండ్ ట్రెయిలర్, ఈ భారీ లారీలకి పేరుపడ్డ రెండు సంస్థలు. హేస్ హెచ్‌డీఎక్స్, పసిఫిక్ పి-16 ఇప్పటికీ అభిమానులు కళ్లు మూసుకుని చెప్పే పేర్లు. అమెరికా వైపు నుంచి కెన్‌వర్త్ 850 లాంటివి పోటీకొచ్చాయి. వీటిలో వేగాన్ని తగ్గించి బలంగా మార్చే చివరి గేర్లు చక్రం నడిమి హబ్బులోనే ఉంటాయి, ఒక గేరు చుట్టూ చిన్న గేర్లు అమర్చిన ఈ ఏర్పాటు పేరు ప్లానెటరీ గేర్లు. అంత బలం ఇరుసు మధ్యలోంచి పంపితే ఇరుసు మెలితిరిగిపోతుంది కాబట్టి. హేస్ 1975లో మూతపడింది. ముసలి చెట్లు తరిగి దుంగలు సన్నబడ్డాక, దారులు ప్రభుత్వ రోడ్లతో కలిసిపోయాక, అంత వెడల్పు లారీల అవసరమూ తగ్గింది.

పాత లారీని చూసి అది ఏ ఏటిదో తేల్చడం మరో చిక్కు. కంపెనీలు వీటిని పారేయకుండా సొంత షెడ్లలో మళ్లీ మళ్లీ కట్టుకున్నాయి. కమ్మిన్స్ పోయి డెట్రాయిట్ వస్తుంది, విరిగిన ఇరుసు స్థానంలో మరో మోడల్‌ది వస్తుంది, ఛాసిస్‌ని కోసి పొడుగు చేస్తారు, నుజ్జయిన క్యాబిన్ బదులు ఇంకో బండిది బిగిస్తారు. పలక మీదున్న సంవత్సరం ఎక్కువలో ఎక్కువ ఛాసిస్ పట్టాల వయసు చెబుతుంది. ట్రెయిలర్ల సంగతి ఇంకా కష్టం. పోర్ట్‌లాండ్‌లోని పియర్‌లెస్, పేజ్ అండ్ పేజ్, కెనడా వైపు కొలంబియా లాంటి వేరే కంపెనీలు వాటిని చేసేవి, ఒకే ట్రెయిలర్ నాలుగైదు లారీల వెనక తిరిగి ఉండొచ్చు. ముక్కు మీది బ్యాడ్జి కన్నా బంక్ వెడల్పు, రీచ్ బిగించిన తీరు, హబ్బుల ఆకారం, నీళ్ల గొట్టాలున్నాయా లేవా అన్నవే బండి ఎక్కడ, ఏ పనికి వాడారో నమ్మకంగా చెబుతాయి. 8 అడుగుల బంక్ ఉండి నీళ్ల ట్యాంకూ ఉందంటే ప్రభుత్వ రోడ్డు మీదకి వచ్చేదే గానీ పెద్ద దిగుడున్న దారిలో తిరిగిందని అర్థం. 12 అడుగుల బంక్ ఉంటే అది సొంత దారి వదిలి బయటికి రాలేదు.

ఒరెగాన్‌లోని కొల్లియర్ స్మారక పార్కు, వాంకూవర్ ద్వీపంలో డంకన్ దగ్గరున్న బీసీ ఫారెస్ట్ డిస్కవరీ సెంటర్ లాంటి చోట్ల కలప పని పాత యంత్రాల్ని దగ్గర నుంచి చూడొచ్చు. లారీలు బాగానే మిగిలాయి, ట్రెయిలర్లు అంతగా మిగల్లేదు. ఇంజనూ క్యాబిన్ ఉన్నదాని మీద జనానికి మమకారం, గొట్టానికి చక్రాలు తగిలించినదాన్ని తుక్కు కింద అమ్మేయడం తేలిక. ట్రెయిలర్ లేని కలప లారీని బాగుచేసి రంగులేసి నిలబెట్టడం సగం యంత్రాన్ని చూపించడమే అని నేనంటే, బాగుచేసేవాళ్లు ఖర్చు సంగతి ఎత్తుతారు. వాళ్లదీ నిజమే. వెడల్పు లారీలకైతే ఇంకో ఖర్చుంది: ప్రదర్శనకి తీసుకెళ్లాలంటే మామూలుగా రోడ్డు మీద నడపడానికి వీల్లేదు, బంక్‌లు ఊడదీసి, ప్రత్యేక అనుమతి తీసుకుని, ఇంకో లారీ మీద ఎక్కించి పంపాలి.